నాచు పట్టీకి ఉన్న గిరాకీ నాచు బస్తాకు లేదు

సముద్రపు నాచుతో గాయాలకు పట్టీలు తయారవుతున్నాయన్న వార్త విని ఎండు నాచును గోదాములకు చేర్చే వర్తకులు ఒక సంగతి గమనించాలి. ఆసుపత్రులు కొనేది నాచును కాదు, దాని నుంచి తీసి బాగా శుద్ధి చేసిన ఆల్జినేటును.

ఈ పదార్థాన్ని 1881లో బ్రిటిష్ రసాయనవేత్త స్టాన్‌ఫర్డ్ కనుగొన్నాడు. గోధుమరంగు నాచులే దీనికి ఆధారం. తమిళనాడులో మండపం పరిసరాల్లో దొరికే సర్గాసం, టర్బినేరియా ఈ కోవలోవి. ఆ తీరంలోనే దొరికే జెలిడియెల్లా, గ్రాసిలేరియా ఎర్ర నాచులు. వాటి నుంచి వచ్చేది అగర్. తెప్పలపై పెంచే కప్పాఫైకస్ ఇచ్చేది కారాజీనన్. ఒట్టి 'నాచు' అని బేరం కుదుర్చుకుంటే చిక్కు తప్పదు.

కాల్షియం ఆల్జినేటు పోగులతో చేసిన పట్టీని రసి కారే గాయంపై ఉంచితే, రసిలోని సోడియం పోగుల్లో చేరి కాల్షియం బయటికి వస్తుంది. పోగులు జిగురుగా మారి గాయాన్ని తడిగా ఉంచుతాయి. వెలువడిన కాల్షియం నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. తడిగా ఉన్న గాయంపై కొత్త చర్మం త్వరగా పాకుతుందని 1962లో జార్జి వింటర్ పందులపై చేసిన ప్రయోగాల్లో తేలింది. అయితే పొడి గాయాలకు ఈ పట్టీ పనికిరాదు. మధుమేహ రోగుల పాదాల పుళ్లను మామూలు పట్టీ కంటే ఇది బాగా మానుపుతుందనడానికి ఆధారం లేదని 2013 నాటి కోక్రేన్ సమీక్ష పేర్కొంది. అద్భుతమన్న ప్రచారాన్ని నమ్మి ధర కట్టడం తగదు.

అసలు కీలకం ఆల్జినేటులోని రెండు చక్కెర ఆమ్లాల పాళ్లలో ఉంది. గులురోనిక్ ఎక్కువైతే జిగురు గట్టిగా ఉండి పట్టీ ఒకే ముక్కగా ఊడివస్తుంది. మాన్యురోనిక్ ఎక్కువైతే మెత్తబడి, ఉప్పునీటితో కడిగి తీయవలసివస్తుంది. ఈ పాళ్లు నాచు జాతిని బట్టి, కోసిన కాలాన్ని బట్టి మారుతాయి. జాతులు కలిసిపోయిన బస్తా బట్టల అద్దకంలో చిక్కదనానికి వాడే రకానికి చెల్లవచ్చు గానీ, పట్టీల పోగుకు చెల్లదు.

సరఫరాకూ హద్దులున్నాయి. మన్నార్ సింధుశాఖలోని దీవులను 1986లో సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించడంతో వాటి చుట్టూ కోత ఆంక్షలకు లోబడింది. అక్కడ నీట మునిగి నాచు తీసేవారిలో మత్స్యకార స్త్రీలే ఎక్కువ. ఇసుక, గుల్లలు ఏరి, జాతిని వేరుచేసి ఆరబెట్టే శ్రమ వారిదే. దానికి విడిగా ధర కట్టనిదే మేలురకం సరకు ఆశించడం కష్టం.

కొనేవారు బస్తా విప్పి రంగు చూసి ఊరుకోక తేమ, బూడిద, ఆల్జినేటు శాతం, చిక్కదనం పరీక్ష చేయించి, ఫలితాన్ని ఒప్పంద పత్రంలో రాయించుకోవడం మేలు.