బడికి ధనము, తల్లికి తీరిక

పేదల బిడ్డలు చదువు పాఠశాలలకు ప్రభుత్వము ధనమీయవలెననుట నేడు వివాదాంశము కాదు. ఇచ్చిన ధనము బిడ్డకు ఫలించునట్లు కనిపెట్టి చూచువారెవరనునదియే ప్రశ్న. 2022 ఏప్రిలు 4వ తేదీన ప్రత్యేక జిల్లాయైన నంద్యాలయందును, ఆళ్లగడ్డ ప్రాంతమునందును గల భూస్వాములు, పురవాసులు దీనిని తమ ప్రశ్నగా భావింపవలెనని మేము కోరుచున్నాము.

2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకపు వ్యయమున కేంద్రమునకు నూటికి 60, రాష్ట్రమునకు 40 పాళ్లు. దానిక్రింద 30 మందికి మించని విద్యార్థులున్న పాఠశాలకు నిర్ణయింపబడిన సాలు గ్రాంటు 10,000 రూపాయలు. వేయిమందికి మించినదానికి లక్ష. 2025 జూనున అమలైన తల్లికి వందనము పథకమున బిడ్డ కొక్కింటికి 15,000 రూపాయలలో 13,000 తల్లి ఖాతాకు చేరగా, 2,000 పాఠశాలల నిర్వహణమునకు నిలుపబడినవి. ఇట్టి స్వల్పధనమున కొంత పెడదారి పట్టినను త్రాగునీరో, మరుగుదొడ్డి తలుపో లోపించును.

కావుననే 2009 నాటి విద్యాహక్కు చట్టము, సర్కారు పాఠశాలల యాజమాన్య సంఘములందు నాలుగింట మూడుపాళ్లు తలిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలు కావలెననియు, బలహీనవర్గములకు వారి సంఖ్యకు తగిన స్థానమీయవలెననియు విధించినది. గ్రాంటుల వినియోగమును పరిశీలించుట వారి విధి. వారు రచించు అభివృద్ధి ప్రణాళికయే ప్రభుత్వపు గ్రాంటులకు ఆధారము కావలెను. మన రాష్ట్రమున 2024 ఆగస్టు 8న ఈ సంఘములకు ఎన్నికలు జరిగినవి.

హక్కు కలదు, తీరిక కలదా? కె.సి. కాలువ క్రింద నాట్లకో, ప్రత్తిచేనికో పోవు తల్లి పగటివేళ సభకు రావలెనన్న ఆనాటి కూలిని వదలుకొనవలెను. ఆమె రానిచో లెక్క అడుగువారుండరు. చదువురానివారికి లెక్కలేమి తెలియునని కొందరందురు. వారపు కూలిని పైసతో సహా లెక్కించుకొను తల్లికి బడిలెక్క చదివి వినిపించినచో బోధపడకపోదు.

ఇంకొక మాట. కర్నూలు జిల్లా ప్రత్తివిత్తనపు చేలలో బడియీడు బాలికలచే పని చేయించిన చరిత్రను మనము మరువరాదు. 14 ఏండ్లలోపు బిడ్డలను కూలికి పెట్టుట నేరమని 2016 నాటి సవరణ చట్టము శాసించుచున్నది. బిడ్డ చేనిలో నుండగా బడికెంత ధనమిచ్చిన నేమి ప్రయోజనము?

ప్రభుత్వమువారు గ్రాంటును బడులు తెరచుసరికే విడుదల చేయవలెను. అదను తప్పిన నీరు పైరుకెట్టిదో, ఆలస్యమైన గ్రాంటు బడికట్టిది. ఉపాధ్యాయులు సభను సాయంకాలము జరిపి, జమాఖర్చులను చదివి వినిపించి గోడపై అంటింపవలెను. సభ పగలే జరుగవలసివచ్చిన దినమున భూస్వాములు తమ కూలీలను పూటకూలి కోయక పంపవలెను. ఇది దానము కాదు. ఆ బడిలో చదివిన బిడ్డలే రేపు ఈ గ్రామములను నడుపవలసినవారు.