ఊడిన పన్ను చోటు ఖాళీగా వదలవద్దు

అల్లాహ్ మనకు ప్రసాదించిన వరాల విలువ అవి ఉన్నంతకాలం తెలియదు. దంతాలు అలాంటివే. మన విందుల్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న పెద్దలు కొందరు ముక్కను పక్కన పెట్టి, బగారా అన్నంలో దాల్చా కలుపుకొని నాలుగు ముద్దలు మింగి లేస్తారు. అడిగితే “వయసైపోయింది, ఇక పళ్ళెందుకు” అంటారు. ఇంట్లోవాళ్ళు కూడా ఆ మాటే నిజమనుకొని ఊరుకుంటారు. ఈ అభిప్రాయం సరికాదని చెప్పడానికే మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

పళ్ళు వయసు వల్లనే ఊడవు. పిప్పిపళ్ళు, చిగుళ్ళ జబ్బు అందుకు ముఖ్య కారణాలు. పొగాకు, గుట్కా, ఖైనీ చిగుళ్ళను పాడుచేస్తాయి. షుగరు అదుపులో లేనివారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురుతుంది. “పన్ను తీయిస్తే చూపు పోతుంది” అనే భయంతో చాలామంది నొప్పిని ఏళ్ళ తరబడి భరిస్తారు. పంటికి వెళ్ళే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. ఆ భయం అక్కరలేదు.

ఒక పన్ను పోతే నష్టం దానితో ఆగదు. పక్కపళ్ళు ఖాళీ వైపు ఒరుగుతాయి. ఎదుటి దవడ పన్ను ఆ ఖాళీలోకి దిగుతుంది. పన్ను లేనిచోట దవడ ఎముక అరుగుతుంది. ఈ అరుగుదల మొదటి సంవత్సరంలోనే ఎక్కువ. నమలలేనివారు మాంసం, పప్పుగింజలు, పచ్చికూరలు మానేసి మెత్తని అన్నంతో, చాయ్‌లో నానిన బిస్కెట్లతో సరిపెట్టుకొని నీరసిస్తారు. ఉచ్చారణా దెబ్బతింటుంది. ఖుర్ఆన్ పారాయణంలో సా, జాల్, జా అక్షరాలు నాలుక కొన పై ముందుపళ్ళ అంచును తాకితేనే సరిగా పలుకుతాయి. ఫా పలకాలంటే కింది పెదవికి ఆ పళ్ళే ఆనాలి.

పోయిన పళ్ళకు బదులు పెట్టించుకోవడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి.

మొదటిది తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు. ఖర్చు తక్కువ. ఒకటి రెండు పళ్ళకైనా, మొత్తం సెట్టుకైనా పనికివస్తాయి. దవడ అచ్చు తీసి చేస్తారు కనుక నాలుగైదుసార్లు వెళ్ళాలి. రాత్రి తీసి, బ్రష్‌తో కడిగి, చల్లని నీటిలో ఉంచాలి. వేడినీటిలో వేస్తే వంకరపోతాయి. ఎముక అరిగేకొద్దీ వదులవుతాయి కనుక కొన్నేళ్ళకు సరిచేయించాలి.

రెండవది బ్రిడ్జి. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, వాటికి తొడుగులు వేసి, మధ్యలో కృత్రిమ దంతాన్ని నిలుపుతారు. ఇది కదలదు. అయితే మంచి పళ్ళను అరగదీయక తప్పదు.

మూడవది ఇంప్లాంట్. దవడ ఎముకలో చిన్న టైటానియం మరను బిగించి, అది ఎముకతో కలిసిపోయాక పైన పన్ను అమరుస్తారు. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. స్వీడన్‌కు చెందిన బ్రానెమార్క్ 1965లో తొలిసారిగా ఈ పద్ధతిలో ఒక రోగికి చికిత్స చేశారు. పక్కపళ్ళను ముట్టుకోనక్కరలేదు, కానీ ఖర్చు ఎక్కువ. షుగరు అదుపులో ఉండాలి, పొగ మానాలి.

కొందరికి ధర్మసందేహం ఉంటుంది. కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన అర్ఫజా (రజి) అనే సహాబీ వెండి ముక్కు పెట్టించుకోగా దుర్వాసన వచ్చింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) చెప్పినట్లు అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. దీని ఆధారంగానే పళ్ళను బంగారు తీగతో కట్టించుకోవడాన్ని పలువురు పండితులు అనుమతించారు. స్థిరంగా అమర్చిన పళ్ళు వుజూకు, గుస్ల్‌కు అడ్డు కావని, తీసి పెట్టుకునే సెట్టును మాత్రం గుస్ల్ సమయంలో తీయాలని హనఫీ ఉలమా చెబుతారు. ఇంకా సందేహముంటే మీ మసీదు ఇమామ్ గారిని అడగండి.

ఒక హెచ్చరిక. సంతల్లో, బస్టాండ్ల దగ్గర పేటీ పెట్టుకొని కూర్చొనేవారు పక్కపళ్ళకు తీగ చుట్టి, మైనంలాంటి పదార్థంతో పన్ను అతికిస్తారు. దానికింద ఆహారం ఇరుక్కొని, ఉన్న మంచి పళ్ళూ పోతాయి. బీడీఎస్ చదివిన వైద్యుని వద్దకే వెళ్ళండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడ, కడపల్లోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. అక్కడ ఖర్చు బాగా తక్కువ.

ఉన్న పళ్ళను కాపాడుకోవడం అన్నిటికన్నా మేలు. మిస్వాక్‌ను దైవప్రవక్త (స) ఎంతగానో ప్రోత్సహించారు. దానితోపాటు రాత్రి పడుకునే ముందు బ్రష్ చేయడం పిల్లలకు అలవాటు చేద్దాం. కంటి ఆపరేషన్లకు సాయం చేసే దాతలు పేద వృద్ధుల పళ్ళసెట్ల గురించి కూడా ఆలోచించాలని మనవి. ముఖ్యంగా ఇంట్లో అందరికీ వండిపెట్టి, తాను మాత్రం నమలలేక పస్తుండే నానీని, దాదీని ఈ నెలలోనే ఒకసారి వైద్యునికి చూపించండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, పెద్దల సేవాభాగ్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.