పాత యంత్రానికి పగటివేషం

అమ్మలూ, లైనక్స్‌లో నువ్వు తెరిచే ఆ నల్లటి విండోనే కంప్యూటర్ అనుకుంటున్నావు. కమాండ్ కొట్టగానే జవాబు వస్తోంది కాబట్టి అలా అనిపించడం సహజమే. కానీ ఆ విండోకి ఏ కమాండూ అర్థం కాదు. నువ్వు నొక్కిన అక్షరాన్ని లోపలికి పంపడం, లోపల్నుంచి వచ్చిన అక్షరాన్ని తెర మీద వెయ్యడం, ఇదే దాని ఉద్యోగం. నీ మాట విని పని చేయించేది షెల్ అనే వేరే ప్రోగ్రాం. వీళ్లిద్దరూ వేరువేరని మనసులో నాటుకుంటే మిగతాదంతా తేలిగ్గా పట్టుబడుతుంది.

ముందు కాస్త పాత సంగతి చెప్పాలి. 1963లో అమెరికాలో టెలిటైప్ మోడల్ 33 అనే యంత్రం వచ్చింది. మీటలూ, కాగితపు చుట్టా ఉన్న బరువైన టైపు మిషను. సెకనుకి పది అక్షరాలు కొట్టేది. మన పత్రికాఫీసుల్లో రాత్రీపగలూ వార్తలు అచ్చేసిన టెలిప్రింటర్లదీ ఇదే జాతి, ఆ టకటకలు విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ యునిక్స్ మొదలుపెట్టిన రోజుల్లో కంప్యూటర్‌తో నేరుగా మాట్లాడాలంటే చాలాచోట్ల ఇలాంటి మిషనే గతి. కంప్యూటర్ ఒక చోట, మిషను ఇంకో చోట, మధ్యన తీగ. తర్వాత కాగితం పోయి గాజు తెర వచ్చింది. 1978లో డెక్ కంపెనీ తెచ్చిన వీటీ100 అందరికీ ఒరవడి అయింది. వరసకి 80 అక్షరాలు, తెరకి 24 వరసలు. ఆ 80 కొత్తదేం కాదు, ఐబీఎం 1928లో తెచ్చిన చిల్లుల కార్డులోనూ అడ్డంగా 80 గడులే ఉండేవి. నువ్వు తెరిచే విండోల్లాంటిదే ఎక్స్‌టర్మ్ అని ఒకటుంది, ఈ రోజుకీ దాన్ని తెరిస్తే 80, 24 కొలతతోనే తెరుచుకుంటుంది.

ఎక్స్‌టర్మ్ పుట్టింది 1984 వేసవిలో. తెర మీద విండోలు చూపించే ఎక్స్ విండో అనే వ్యవస్థ పని మొదలైన ఆ రోజుల్లోనే, దాన్ని కట్టినవాళ్లలో ఒకడైన జిమ్ గెటిస్ దగ్గరి విద్యార్థి మార్క్ వాండెవోర్డ్ ఎక్స్‌టర్మ్‌ని రాశాడు. 1996 నుంచి థామస్ డికీ దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. అంత కాలంపాటు ఒక ప్రోగ్రాంని చెడిపోకుండా నడపడం ఎంత గొప్ప సేవో, కొత్తవాటి సందడిలో మనం గుర్తించం.

పగటివేషగాడు తహసీల్దారు వేషం కట్టి వీధిలోకొస్తే నడకా మాటా దర్జా అన్నీ తహసీల్దారువే కదా. ఎక్స్‌టర్మ్ కట్టిన వేషం వీటీ102ది, అంటే వీటీ100కి తమ్ముడిది. రంగు మార్చు, కర్సర్ని ఫలానా గడిలో పెట్టు, తెర తుడువు అని ఆ పాత పెట్టెకి పంపే సంకేతాలే దీనికీ పంపుతారు. అవతల ఉన్నది అసలు పెట్టో వేషమో షెల్‌కి తెలియదు, తెలియక్కర్లేదు.

నమ్మకం కుదరకపోతే రెండు విండోలు పక్కపక్కన తెరువు. ఒకదాంట్లో టీటీవై అని మూడక్షరాలు కొట్టు. స్లాష్ డెవ్ స్లాష్ పీటీఎస్ స్లాష్ 1 అని వస్తుంది, చివరి అంకె నీ దగ్గర వేరే కావచ్చు. అది ఆ విండో చిరునామా. పాత తీగ బదులు లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ కట్టిన ఉత్తుత్తి తీగ అన్నమాట. ఇప్పుడు రెండో విండోకి వెళ్లి ఎకో అని కొట్టి, ఏదో పలకరింపు రాసి, ‘కంటే ఎక్కువ’ గుర్తు పెట్టి, ఆ చిరునామా వేసి ఎంటర్ నొక్కు. పలకరింపు మొదటి విండోలో ప్రత్యక్షమవుతుంది. అక్కడి షెల్‌కి ఈ సంగతే తెలియదు. అక్షరాలు తీగ మీద వచ్చాయి, విండో వేసేసింది.

కంట్రోల్ మీట కూడా ఆ టెలిటైప్ కాలందే. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంది కదా. కంట్రోల్ నొక్కి పెట్టి అక్షరం కొడితే, పెద్దక్షరం సంఖ్యలోంచి 64 తీసేసి పంపుతుంది. సీ సంఖ్య 67, కాబట్టి కంట్రోల్ సీ అంటే 3. నడుస్తున్న ప్రోగ్రాంని ఆపమని కెర్నెల్ దాన్ని అర్థం చేసుకుంటుంది. ఎస్ 83, అంటే 19. టెలిటైప్ కాలంలో ‘కాస్త ఆగు, నేను అందుకోలేకపోతున్నాను’ అని చెప్పే సంకేతం అది. ఫైలు సేవ్ చేస్తున్నామనుకుని పిల్లలు ఈ విండోలో కంట్రోల్ ఎస్ నొక్కుతారు, ఇక ఏం కొట్టినా తెర కదలదు. కంప్యూటర్ చచ్చిందనుకుని విండో మూసేస్తారు, చేస్తున్న పనంతా పోతుంది. ఏం కాలేదమ్మా, నువ్వు ఆగమన్నావు, అది ఆగింది. కంట్రోల్ క్యూ నొక్కు, సంఖ్య 17, మళ్లీ కదులుతుంది.

ఇక ఆప్షన్లు. నేను పలికినట్టు రాస్తున్నాను, నువ్వు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాలు వాడు. ఎక్స్‌టర్మ్ అని కొట్టి, పక్కన -ఎఫ్‌ఏ మోనోస్పేస్ -ఎఫ్‌ఎస్ 14 అని చేరిస్తే అక్షరాలు నా కళ్లకి కూడా కనిపించేంత పెద్దగా వస్తాయి. -బీజీ, -ఎఫ్‌జీ అంటే వెనక రంగు, అక్షరాల రంగు. -ఎస్‌ఎల్ 5000 అంటే పైకి జరిగిపోయిన వరసలు ఐదు వేల దాకా దాచుకుంటుంది. -ఎస్‌బీ అంటే పక్కన స్క్రోల్ బార్ వస్తుంది. అది వద్దంటే +ఎస్‌బీ అనాలి. మైనస్ పెడితే ఉంటుంది, ప్లస్ పెడితే పోతుంది. తలకిందులుగా ఉన్నా, ఎక్స్ కాలపు పద్ధతి అది.

వీటన్నిట్లో నాకు ఇష్టమైనది -జామెట్రీ. దాని పక్కన 100ఎక్స్30+0+0 అని రాస్తే వంద అక్షరాల వెడల్పు, ముప్ఫై వరసల ఎత్తు. తెర చుక్కల్లో కాదు, అక్షరాల్లోనే కొలత, ఎందుకంటే వేషం టైపు మిషనుది. వెనకున్న రెండు సున్నాలు విండో ఎక్కడ కూర్చోవాలో చెబుతాయి. +0+0 అంటే ఎడమ అంచు నుంచి సున్నా, పై అంచు నుంచి సున్నా, అంటే ఎడమ పై మూల. -0+0 అని రాసి చూడు, కుడి పై మూలకి పోతుంది. -0-0 అంటే కుడి కింద. బళ్లో లెక్కల మాష్టారు ప్లస్ సున్నా, మైనస్ సున్నా ఒకటేనన్నారు, అది నిజమే. ఇక్కడ ఆ గుర్తు సంఖ్యది కాదు, ఏ అంచు నుంచి కొలవాలో చెప్పేది. కొత్త లైనక్సుల్లో ఎక్స్ బదులు వేలాండ్ ఉంటే, అది విండో ఎక్కడ కూర్చోవాలో ప్రోగ్రాంలని నిర్ణయించనివ్వదు, కాబట్టి మూల మాట చెల్లకపోవచ్చు. కొలత చెల్లుతుంది.

షెల్ బదులు వేరే ప్రోగ్రాంతో విండో తెరవాలంటే -ఈ. ఎక్స్‌టర్మ్ -ఈ డేట్ అని కొట్టావనుకో. విండో మెరుపులా మెరిసి మాయం. తప్పేం జరగలేదు. డేట్ తేదీ వేసింది, దాని పని అయిపోయింది, తీగకి అవతల ఎవరూ లేరు, విండో మూసుకుంది. తేదీ కంటికి కనబడాలంటే -హోల్డ్ కావాలి. ఎక్కడ పెట్టాలన్నదే మెలిక. ఎక్స్‌టర్మ్ -హోల్డ్ -ఈ డేట్ అంటే విండో నిలబడుతుంది. ఎక్స్‌టర్మ్ -ఈ డేట్ -హోల్డ్ అంటే నిలబడదు. -ఈ తర్వాత వచ్చిన ప్రతి మాటా లోపలి ప్రోగ్రాందే. హోల్డ్ అన్న మాట డేట్ చేతికి వెళ్లింది, ఇదేమిటో నాకు తెలియదని డేట్ గొణిగింది, ఆ గొణుగుడు చదివేలోగా విండో పోయింది. విండోకి చెప్పాల్సినవి ముందు, లోపలివాడికి చెప్పాల్సినవి వెనక. మొదట్లో నీకు చెప్పిన తేడా ఇక్కడ అక్కరకొస్తుంది.

గ్నోమ్ టెర్మినల్ అనే ఇంకో విండోలో, విండోకి చెప్పేవాటికీ లోపలివాడికి చెప్పేవాటికీ మధ్య గీత గియ్యడానికి రెండు అడ్డగీతలు, --, వాడమంటారు. పాత -ఈని వదిలెయ్యమని హెచ్చరిస్తుంది కూడా. దాని విండోలన్నీ ఒకే సర్వర్ ప్రాసెస్ కింద నడుస్తాయి కాబట్టి, కమాండ్ కొట్టగానే పని అప్పగించి తిరిగొచ్చేస్తుంది. స్క్రిప్టులో అది ముగిసేదాకా ఆగాలంటే --వెయిట్ పెట్టాలి. కేడీఈ వాళ్ల కాన్సోల్‌కి --హోల్డ్, -ఈ రెండూ ఉన్నాయి. ఏ ఊరి పద్ధతి ఆ ఊరిదే, -హెల్ప్ లేదా --హెల్ప్ అంటే జాబితా చూపిస్తాయి.

తెలుగు రాదేమిటి తాతయ్యా అని మొన్న అడిగావు. ఈ విండో అంతా గళ్ల కాగితం, గడికొక అక్షరం. ఇంగ్లీషుకి అది సరిపోయింది. మన ‘శ్రీ’ చూడు. యూనికోడ్‌లో అది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు సంకేతాలు, యూటీఎఫ్-8లో పన్నెండు బైట్లు. పొల్లుకీ గుడికీ గడి ఇవ్వకుండా, శకీ రకీ ఒక్కో గడి చొప్పున లెక్క కడతారు, మొత్తం రెండు. కంటికి కనిపించేదేమో ఒకే అక్షరం, కింద క్రారవడి. రెండు గడుల్లో దాన్ని ఎలా సర్దాలో తెలియక కొన్ని విండోలు ముక్కలు చేస్తాయి, కొన్ని పక్కన ఖాళీ వదులుతాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి వేస్తాయి. విండో ఒక్కటీ లెక్క మార్చుకుంటే చాలదు. లోపల నడిచే షెల్, ఎడిటర్ కూడా అదే లెక్క వెయ్యాలి, లేకపోతే కర్సర్ ఒక చోట, అక్షరం ఇంకో చోట. ఈ పని ఇంకా మిగిలే ఉంది. చేతనైనవాళ్లు పూనుకోవాలని నాకు నిజంగా కోరిక. అందాకా తెలుగు ఫైలు దిద్దాల్సి వస్తే జీఎడిట్ లాంటి మామూలు ఎడిటర్‌లో తెరువు. ఆ ఫైలు ఎక్కడుందో వెతకడం, పేరు మార్చడం, కాపీ చెయ్యడం మాత్రం ఈ నల్ల విండోలోనే చేసుకో.