గాయం మానినా... నిద్ర కుదరదు!
పెద్దదోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌ రోడ్డులో బైకు జారి, మా పెదనాన్న కొడుకు తలకు దెబ్బ తగిలింది. కుట్లు మానాయి. స్కానింగ్‌ బాగుందన్నారు. కానీ రాత్రంతా మెలకువ, పగలు కొట్లో కునికిపాట్లు! ‘ఒళ్లు బద్ధకం’ అని ఊళ్లో తేల్చేశారు.

నేను సాఫ్ట్‌వేర్‌ ఇంజినీర్‌ని, తప్పు ఎక్కడుందో వెతకడం నా పని. చదివితే తెలిసింది... తలకు గాయమైనవాళ్లలో దాదాపు సగం మందికి నిద్ర సమస్యలుంటాయట. మెలకువగా ఉంచే ఒరెక్సిన్‌, నిద్రవేళను సూచించే మెలటోనిన్‌... మెదడులో వీటి లెక్క తప్పుతుంది. కొందరికి నిద్రలో ఊపిరి ఆగే సమస్యా ఉంటుంది. అంటే ఇది బద్ధకం కాదు, గాయంలో భాగమే.

ఏం చేయాలి?
రోజూ ఒకే సమయానికి లేవాలి. పొద్దున కాసేపు ఎండలో నడవాలి. పగటి కునుకు అరగంట దాటకూడదు. సాయంత్రం టీ, కాఫీలు వద్దు. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు, కొన్నింటితో పగటి మత్తు, మతిమరుపు పెరుగుతాయి. రెండు వారాల నిద్రవేళలు రాసుకెళ్లి న్యూరాలజిస్టుకు చూపించండి. మందుల్లేని ‘సీబీటీ-ఐ’ చికిత్స గురించీ అడగండి. కునికిపాట్లు తగ్గేదాకా బండి ముట్టొద్దు. మా అన్న బైకు తాళాలు ఇప్పుడు వదిన దగ్గరే!

ఒక్కమాట... దెబ్బ తగిలిన కొత్తలో మత్తు పెరుగుతున్నా, వాంతులవుతున్నా, లేపినా లేవకపోయినా ‘పడుకోనీలే’ అనుకోవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.