డార్విన్ నుంచి అన్నొచ్చాడు.. మరి ఏం చూపించాలి?

"తమ్మీ, రేపొక్కరోజే ఖాళీ. మన దిక్కు చూసేటివి ఏమున్నయ్‌రా?"

ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో ఉద్యోగం చేసే మా పెద్దనాన్న కొడుకు అడిగాడు. "ఏమున్నయన్నా, ఏం లేవు" అనేశాను. మాది జహీరాబాద్ దగ్గర చిరాగ్‌పల్లి. తెలంగాణ చివరి ఊళ్లలో ఒకటి. హైదరాబాద్ నుంచి ముంబై పోయే బండ్లన్నీ మా ముందు నుంచే కర్ణాటకలోకి వెళ్లిపోతాయి. ఆగితే చాయ్ కోసమే.

రాత్రి అన్న ఫోన్‌లో డార్విన్ చూపించాడు. సుమారు లక్షన్నర జనమే ఉండే ఊరు. అయినా టూరిస్టులకు తీరికే ఉండదట! అడిలైడ్ నదిలో పడవ ఎక్కిస్తారు. కర్రకు మాంసం కట్టి వేలాడదీస్తే మొసలి నీళ్లలోంచి నిలువునా ఎగురుతుంది. వానల్లేని నెలల్లో గురువారం, ఆదివారం మిండిల్ బీచ్‌లో సాయంత్రం సంత. రెండో ప్రపంచ యుద్ధంలో చమురు దాచాలని తవ్వి, యుద్ధం అయిపోయేదాకా వాడనే వాడని సొరంగాలు ఉన్నాయి. వాటికీ టికెట్టే!

సొరంగం అనగానే నాకు బీదర్ గుర్తొచ్చింది. తెలిసినాయన కారు మాట్లాడుకుని తెల్లారే బయల్దేరాం.

మొదట ఝరాసంగం. శివుడి పూజకు మొగలిపువ్వు వాడరని అంటారు కదా. ఇక్కడ కేతకీ సంగమేశ్వరుడికి అదే పువ్వు పెడతారు. కేతకి అంటే మొగలే.

అక్కడి నుంచి బీదర్. నౌబాద్‌లో కరేజ్ చూశాం. బహమనీల కాలంలో, పర్షియా పద్ధతిలో భూమి లోపల తవ్విన నీటి కాలువ అది. పైన బావుల్లాంటి గుంతలు వరసగా ఉంటాయి. మోటారు లేదు, కరెంటు లేదు. వాలు మీదే నీళ్లు నడుస్తాయి. అన్న చాలాసేపు మాట్లాడలేదు. "డార్విన్ సొరంగాలకన్నా ఇవి దాదాపు ఐదొందల ఏండ్లు పాతవిరా" అన్నాడు చివరికి.

తర్వాత 1472లో కట్టిన మహమూద్ గవాన్ మదర్సా. గోడల మీద నీలం పెంకులు ఇంకా అక్కడక్కడా మెరుస్తున్నాయి. అష్టూర్‌లో పిడుగు పడి సగం చీలిన సమాధి.

ఊళ్లో బిద్రీ పనివాళ్ల దగ్గర కూర్చున్నాం. జింకు, రాగి కలిపి పోత పోసి, చెక్కిన గీతల్లో వెండి తీగ కొడతారు. చివర్లో పాత కోట మట్టి, నవాసాగరం కలిపిన నీళ్లతో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. అన్న ఇద్దరు దోస్తులకు రెండు డబ్బీలు కొన్నాడు.

తిరిగొస్తూ పస్తాపూర్ దాటాం. చిరుధాన్యాలు పండించే ఇక్కడి మహిళా సంఘాలతో నడిచే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఇంట్లో అమ్మ జొన్నరొట్టె పెట్టింది.

"ఇవన్నీ ఒక్కరోజులో తిప్పే బండి ఏదైనా ఉందా తమ్మీ?" అన్నాడు అన్న. నాకైతే ఎక్కడా కనిపించలేదు. అంతకన్నా సిగ్గు ఏంటంటే, ఇరవై నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్న నేనూ కరేజ్‌ని అదే మొదటిసారి చూడటం.

మొన్న మమ్మల్ని తిప్పిన కారాయనకు ఈ జాబితా రాసిచ్చాను. ఆయన ఫోన్‌లో దాచుకున్నాడు. ఈసారి ఎవరైనా అడిగితే "ఏం లేవు" అనను. మీ ఊళ్లో మిమ్మల్ని అడిగితే ఏం చెప్తారు?