సేఫ్టీ వాల్వు పరీక్ష: కావలసిన సామాను, శిక్షణ



శిడ్లఘట్ట, చింతామణి, డెంకణికోట ప్రాంతాలలో గూళ్ళు పండించడంతో ఆగక, దారం తీసే యూనిట్లు కూడ నడిపే కుటుంబాలున్నాయి. గూళ్ళు ఉడికించడానికి, బేసిన్ల నీళ్ళు కాచడానికి ఆవిరినిచ్చేది బాయిలరు. ఆవిరి పీడనం హద్దు దాటితే దానంతట అదే తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలేది సేఫ్టీ వాల్వు. అవసరం వచ్చినప్పుడు అది తెరుచుకుంటుందో లేదో పైకి చూసి చెప్పలేము. పరీక్షించి తెలుసుకోవలసిందే.

వాల్వు ఎందుకు బిగుసుకుంటుంది?

బోరు నీళ్ళు కఠినంగా ఉన్నచోట సున్నపు పొర వాల్వు సీటు మీద పేరుకుంటుంది. తుప్పు పట్టి స్ప్రింగు కదలదు. కొందరు ఆవిరి కారుతున్నదని స్ప్రింగును బిగిస్తారు, లేదా మీటకు బరువు వేలాడదీస్తారు. గూళ్ళను చిలుకలు తొలిచేలోపు పని ముగించాలనే తొందరలో ఇలా చేస్తారు. ఇది ప్రాణాలకే ముప్పు. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాకోచిస్తుంది. బాయిలరు పగిలితే జరిగేది ఇదే.

కావలసిన సామాను

1. నీటితో పీడనమిచ్చే చేతి పంపు, నీళ్ళ తొట్టి.
2. సరిచూపించి సర్టిఫికెట్ పొందిన ప్రెషర్ గేజీలు రెండు. వాల్వు 3 కిలోలకు తెరుచుకునేదైతే 6 లేక 7 కిలోల వరకు చూపే గేజి చాలు.
3. వాల్వు మరకు సరిపోయే గట్టి స్టాండు.
4. స్పానర్లు, కళ్ళద్దాలు, చేతి తొడుగులు, రిజిస్టరు.

ప్రతి యూనిటూ విడిగా కొననక్కరలేదు. దగ్గరలోని యూనిట్ల వారు కలిసి ఒక సెట్టు పెట్టుకోవచ్చు. పరీక్షించిన వాల్వు ఒకటి అదనంగా ఉంచుకుంటే పని ఆగదు.

పరీక్షించే విధానం

బాయిలరు పూర్తిగా చల్లారి, గేజి సున్నా చూపిన తర్వాతనే వాల్వు విప్పాలి. దానిని స్టాండుకు బిగించి, గొట్టంలోని గాలిని పూర్తిగా వదలాలి. పంపును మెల్లగా కొడుతూ నీరు బయటికి వచ్చినప్పటి పీడనం రాసుకోవాలి. ఇలా మూడుసార్లు చేయాలి. మూడు అంకెలూ దగ్గరగా ఉండి, వాల్వు పలక మీద చెక్కిన పీడనానికి సరిపోవాలి. ఆ పీడనం దాటినా తెరుచుకోకపోతే పంపు ఆపాలి. సుత్తితో కొట్టరాదు. ఆ వాల్వుతో బాయిలరు నడపరాదు.

ఈ పరీక్షకు గాలి కంప్రెసరు వాడరాదు. నొక్కిన గాలి ఒక్కసారిగా విడుదలైతే విడిభాగాలు ఎగిరి తగులుతాయి.

నీటి పరీక్ష వలన వాల్వు ఎంత పీడనానికి తెరుచుకుంటుందో మాత్రమే తెలుస్తుంది. బాయిలరులో పుట్టే ఆవిరినంతా అది వదలగలదా అన్నది అర్హత కలిగిన వారే బాయిలరు మీద తేల్చాలి.

శిక్షణలో ఏమి నేర్వాలి?

ప్రతి యూనిటు నుండి కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. ఒకరు ఊరికి వెళ్ళినా మరొకరుంటారు. ముందుగా గేజి చదవడం రావాలి. ఒక కిలో అంటే చదరపు అంగుళానికి సుమారు 14.2 పౌన్లు. గేజిపై రెండు వరుసల అంకెలుంటే ఏది కిలో, ఏది పౌను అన్నది తప్పక గుర్తించాలి. ఇంగ్లీషులో ఉన్న వాల్వు పలకను చదవడం, మర సరిచూడడం, రిజిస్టరు రాయడం ఆ తర్వాతివి. తేదీ, వాల్వు నెంబరు, మూడు అంకెలు, పరీక్షించినవారి సంతకం అందులో ఉండాలి.

మీరు చేయకూడనివి

ఇన్‌స్పెక్టరు వేసిన సీలు విప్పరాదు. స్ప్రింగు సర్దుబాటు అధికారం ఉన్నవారి పని. బాయిలరుకు, సేఫ్టీ వాల్వుకు నడుమ మరో వాల్వు బిగించరాదు. 1923 నాటి చట్టం స్థానంలో బాయిలర్ల చట్టం, 2025 వచ్చింది. దాని కిందికి వచ్చే బాయిలర్లకు మీ రాష్ట్ర బాయిలర్ల శాఖ తనిఖీ తప్పనిసరి. మీరు చేసుకునే పరీక్ష దానికి బదులు కాదు. రెండు తనిఖీల నడుమ మీకు కాపలా.

ఈసారి గూళ్ళు ఉడికించే ముందు మీ వాల్వు పలక మీది అంకె చదివి, రిజిస్టరు మొదటి పేజీలో రాసుకోండి.