చికిత్స చేసేవారికీ మష్వరా కావాలి



మన ఇళ్లలో ఎవరికైనా మనసు బాగోలేకపోతే నేరుగా మానసిక వైద్యుని దగ్గరికి వెళ్లడం తక్కువ. ముందు పెద్దలు దువా చదివి ఊదుతారు. తర్వాత రుఖ్యా చేసే హజ్రత్ దగ్గరికో, దర్గాకో తీసుకెళ్తారు. కొందరు హిజామా చేయిస్తారు, కొందరు యునానీ హకీంను కలుస్తారు, మరికొందరు శ్వాస సాధనలు నేర్పేవారినో కౌన్సెలింగ్ చేసేవారినో ఆశ్రయిస్తారు. శరీరం, మనసు, విశ్వాసం, కుటుంబం అన్నింటినీ కలిపి చూడాలన్నది వీరందరి మాట. దీన్నే ఇప్పుడు సమగ్ర చికిత్స అంటున్నారు. ఈ ఆలోచన మనకు కొత్త కాదు. దాదాపు 1,100 ఏళ్ల క్రితమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దేహ ఆరోగ్యాన్నీ, మనసు ఆరోగ్యాన్నీ కలిపి ఒకే గ్రంథం రాశారు. అందులో భయం, కోపం, దుఃఖం గురించి విడివిడిగా చర్చించారు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పెద్దాసుపత్రిలో డాక్టరుకు సందేహం వస్తే పక్క గదిలో మరో డాక్టరు ఉంటారు. మనం చెప్పుకుంటున్నవారిలో చాలామంది ఒంటరిగా పనిచేస్తారు. రోజంతా ఇతరుల బాధలు వింటారు, తమ సందేహం చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ ఉండరు. అలాంటప్పుడు తెలిసిన చికిత్సే మళ్లీ మళ్లీ చేస్తూ పోతారు. నష్టపోయేది రోగి.

ఒంటరి నిర్ణయం ఎంత దూరం పోతుంది?

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపాన ఉన్న ఒక ఆశ్రయంలో నిప్పంటుకుంది. అక్కడి మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచారు. పారిపోయే వీలులేక 28 మంది మరణించారు. తమవాళ్లకు నయమవుతుందన్న ఆశతోనే కుటుంబాలు వారిని అక్కడ వదిలాయి. గొలుసు వేయడం తప్పని, వీరికి మందు కూడా కావాలని గట్టిగా అడిగేవారు లేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని నిషేధించింది.

దీనికి భిన్నమైన దారి గుజరాత్‌లో కనిపిస్తుంది. మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో ‘దవా-దువా’ పేరుతో ఒక కార్యక్రమం మొదలైంది. జబ్బు లక్షణాలు గుర్తించడం ముజావర్లకు నేర్పారు. వారు దువా చేస్తూనే రోగిని మానసిక వైద్యుని దగ్గరికి పంపుతారు. విశ్వాసం ఎక్కడికీ పోలేదు, మందూ అందింది.

పరస్పర సంప్రదింపు బృందం అంటే

ఒకే రకమైన సేవ చేసే ఆరుగురు, ఎనిమిది మంది క్రమం తప్పకుండా కూర్చుని తమ కేసుల గురించి మాట్లాడుకోవడమే ఇది. 1950ల్లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో మైఖేల్ బాలింట్, ఆయన భార్య ఈనిడ్ కుటుంబ వైద్యులతో ఇలాంటి బృందాలు నడిపారు. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. మనకైతే మష్వరా ధర్మంలోనే ఉంది. దివ్య ఖుర్ఆన్‌లోని 42వ సూరా పేరే ‘అష్షూరా’, అంటే సంప్రదింపు. ఖందక్ యుద్ధంలో ప్రవక్త ముహమ్మద్ (స) సల్మాన్ ఫార్సీ (ర) సలహా విని మదీనా రక్షణకు కందకం తవ్వించారు.

సమావేశం నడిచే తీరు ఇలా ఉంటుంది. ఒకరు ఒక కేసు చెబుతారు. మిగతావారు వెంటనే సలహా ఇవ్వరు, ముందు ప్రశ్నలు అడుగుతారు. సలహాలు ఆ తర్వాత. ఏం చేయాలో కేసు చూస్తున్నవారే నిర్ణయించుకుని, ఏం జరిగిందో వచ్చే సమావేశంలో చెబుతారు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ప్రసవమై నెలరోజులైన అమ్మాయికి నిద్ర పట్టడం లేదు, ఎవరితోనూ మాట్లాడదు. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. హిజామా చేసే సోదరి మూడుసార్లు చూసింది, మార్పు లేదు. బృందంలో ఈ సంగతి చెప్పగానే నర్సుగా పనిచేసే ఒకామె అడిగింది: “బిడ్డను చూసి ఆ అమ్మాయి ఏమంటోంది?” ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు. మర్నాడు అడిగితే, తాను లేకపోతేనే బిడ్డ బాగుంటుందని ఆ అమ్మాయి చెప్పింది. ఇక ఆలస్యం చేయకూడదు, ఆ రోజే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లాలి. దువా, ఇంటివాళ్ల ఆదరణ ఆ తర్వాతా కొనసాగుతాయి. ఒక్క ప్రశ్న రెండు ప్రాణాలను కాపాడగలదు.

తప్పనిసరి కట్టుబాట్లు

మొదటిది గోప్యత. రోగి మాట అమానత్. అనకాపల్లిలాంటి ఊళ్లో పేరు దాచినా సరిపోదు. వీధి, అత్తవారి వ్యాపారం చెబితే చాలు, ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి గుర్తుపట్టే వివరాలన్నీ తీసేయాలి, రోగి అనుమతి ముందే తీసుకోవాలి.

రెండవది హద్దు తెలుసుకోవడం. చావు మాటలు, ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, మూర్ఛ, తిండి మానేయడం, డాక్టరు ఇచ్చిన మందు సొంతంగా ఆపేయడం: వీటిలో ఏదున్నా డాక్టరు దగ్గరికి పంపాల్సిందే. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవారు జరిగిన హానికి బాధ్యులన్న భావం గల హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ప్రతి సభ్యుని దగ్గరా ఉండాలి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

మూడవది, బృందం డాక్టరుకు ప్రత్యామ్నాయం కాదు. రెండు మూడు నెలలకోసారి ఒక మానసిక వైద్యుణ్ణి పిలిచి కూర్చోబెట్టుకోవాలి.

దాతల పాత్ర

దీనికి పెద్ద భవనం అక్కర్లేదు. తలుపు వేసుకోగల ఒక గది, టీ ఖర్చు, పల్లెల నుంచి వచ్చేవారికి బస్సు చార్జీలు, వచ్చే వైద్యునికి గౌరవ పారితోషికం చాలు. వీటిని సదఖా నుంచి భరించవచ్చు. జకాత్‌కు ఖుర్ఆన్‌లో ఎనిమిది పద్దులు నిర్ణయించి ఉన్నాయి గనుక, పేద రోగి మందులకూ ప్రయాణానికీ జకాత్ వాడే విషయం ఉలమాను అడిగి తేల్చుకోవాలి.

ఒక్క విన్నపం. కుట్టు మిషన్ ఇస్తే ఫొటో ఉంటుంది, రేషన్ కిట్ ఇస్తే ఫొటో ఉంటుంది. ఈ పనికి ఫొటో ఉండదు, ఉండకూడదు కూడా. నయమైనవారి పేర్లు అడగకండి. సమావేశాలు ఎన్ని జరిగాయి, ఎంతమంది క్రమంగా వచ్చారు, ఎందరిని ఆసుపత్రికి పంపారు అని అడగండి. ఆ లెక్క చెప్పగలిగితే మీ డబ్బు సరైన చోటే పడినట్టు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియని దానానికి ఇంతకన్నా తగిన చోటు అరుదు.

బాధితులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక! వారిని చూసుకునేవారికి వివేకాన్నీ, తోడునూ ఇచ్చుగాక! ఆమీన్.